ముద్ర లేని పింగాణీ బొమ్మ: వయసు ఎక్కడ తెలుస్తుంది, వెల ఎలా తేలుతుంది

పాత సామాన్లలో ఒక పింగాణీ బొమ్మ దొరకగానే ఎవరైనా మొదట దాన్ని తిరగేసి చూస్తారు. పాదాల కింద ఏమీ ఉండదు. వీపు మీద, మెడ వెనకాల కూడా ఏమీ కనిపించదు. దాంతో ముఖం చూసి అంచనా వేయడం మొదలవుతుంది. చూపు పాతకాలంగా ఉంది, గౌను లేసు పసుపు తిరిగింది, కాబట్టి వందేళ్ల బొమ్మే అయి ఉంటుందని. పొరపాటు చాలాసార్లు ఇక్కడే జరుగుతుంది. ఎందుకంటే బొమ్మలో అన్నిటికంటే తేలిగ్గా అనుకరించగలిగేవి ముఖం, గౌను. అసలు వయసు చెప్పేది ఎవరికీ కనిపించదనుకుని చేసినవాళ్లు అలాగే వదిలేసిన చోట్లు: తల లోపలి గోడ, విగ్గు కింద మాడు తెరిచి ఉన్న చోట పెట్టిన మూత, తల ఒంటికి కలిసే చోటు, ఒంట్లో కూరిన సరుకు.

రెండు బొమ్మల్ని ఒకే బల్ల మీద పెట్టి చూద్దాం. ఒకటి పదహారు అంగుళాలుంది. కుచ్చుల గౌను, టోపీ, ఉంగరాల జుట్టు, పెద్ద నీలి కళ్లు. రెండోది పద్నాలుగు అంగుళాలు. ఒంటి మీద వెలిసిపోయిన నూలు బట్ట ఉంది, తోలు ఒళ్లు నల్లబడింది, ఒక వేలు ఊడింది, జుట్టు సగం పోయింది. ఏ ముద్రా రెండింటి మీదా కనిపించదు. కొత్తగా చూసేవాళ్ల చెయ్యి మొదటిదాని వైపే వెళ్తుంది. బొమ్మలతో ఏళ్ల తరబడి మెలిగినవాళ్లు రెండోదాన్నే ఎత్తుకుంటారు. ఎందుకో తెలియాలంటే ముందు ముద్ర నిజంగానే లేదో, వెతకాల్సిన చోట వెతకలేదో తేల్చుకోవాలి.

చాలా పాత బొమ్మల ముద్ర విగ్గు కింద, తల వెనకభాగంలో, మాడు అంచుకు కాస్త దిగువన ఉంటుంది. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే అచ్చుతో నొక్కిన సన్నటి గీతలు కాబట్టి పైపైన చూస్తే తెలియవు. టార్చి లైటును పక్కవాటుగా పట్టుకుంటే నీడ పడి అక్షరాలు లేస్తాయి. తల, మెడ, భుజాలు ఒకే ముక్కగా ఉన్న బొమ్మల్లో ముద్ర భుజం పలక వెనక అంచున ఉండి తోలు కిందో బట్ట కిందో దాగిపోతుంది. తల విడిగా గుంటలో కూర్చునే రకాల్లో మెడ లోపలికి దిగే భాగం మీద కూడా ఉండొచ్చు. విగ్గు అంటుకుపోయి ఉంటే బలవంతంగా లాగకూడదు. జిగురు వదిలిన మూల నుంచి కొద్దికొద్దిగా పైకి తీసి చూడాలి. అదీ రాకపోతే వదిలేయడమే మంచిది. అసలు విగ్గు చిరిగితే ఆ నష్టాన్ని మళ్లీ పూడ్చలేం.

ఒక్కోసారి పేరు ఉండదు కానీ ఒక అంకె ఉంటుంది. 5 అనో, 8/0 అనో. దాన్ని సంవత్సరం అనుకునేవాళ్లు చాలామంది. అది సైజు నంబరు. సున్నాతో రాసే సైజుల్లో పైన అంకె పెరిగేకొద్దీ బొమ్మ చిన్నదవుతుంది. అంటే 5/0 కంటే 10/0 చిన్నది. మూడు నాలుగు అంకెల సంఖ్య అయితే సాధారణంగా అచ్చు నంబరు. జర్మనీలోని సైమన్ అండ్ హాల్‌బిగ్ కంపెనీ తలల మీద 1079 అని ఉంటుంది. అది ఏ లెక్కన చూసినా సంవత్సరం కాదు. డి.ఇ.పి. అనే అక్షరాలుంటే డిజైను నమోదైందని అర్థం, అంతకుమించి అది కంపెనీ పేరు కాదు. ఇలాంటి ఒక్క అంకె దొరికినా సరే, బొమ్మ ముద్ర లేని జాబితా నుంచి బయటపడినట్టే.

నిజంగానే ఏమీ లేదనుకుందాం. అప్పుడు ముద్ర లేకపోవడానికి కారణం ఏమిటన్నది ముఖ్యమైన ప్రశ్న. దానికి ఒక చట్టంతో సంబంధం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి పింగాణీ తలలు సరఫరా చేసింది ప్రధానంగా జర్మనీలోని తురింగియా ప్రాంతం. సొన్నెబెర్గ్, వాల్టర్స్‌హౌసెన్, ఓర్డ్రుఫ్ లాంటి ఊళ్లు. వాటి సరుకులో పెద్ద భాగం అమెరికాకు వెళ్లేది. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం 1891 మార్చి నుంచి దిగుమతయ్యే వస్తువు మీద అది తయారైన దేశం పేరు ఉండాలి. అందుకే "జర్మనీ" అని ఉన్న తల సాధారణంగా 1891 తర్వాతిది. "నిప్పాన్" అని ఉంటే 1891కీ 1921కీ మధ్యది, "జపాన్" అని ఉంటే ఆ తర్వాతిది. అంతకుముందు దేశం పేరు వేయాల్సిన అవసరం ఎవరికీ లేదు కాబట్టి తొలితరం తలల్లో చాలావాటికి ఏ గుర్తూ ఉండదు.

అయితే ఈ సూత్రాన్ని తిరగేసి వాడకూడదు. దేశం పేరు లేదు కాబట్టి 1891కి ముందుదే అనడానికి వీల్లేదు. అమెరికాకు కాకుండా వేరే దేశాలకు వెళ్లిన సరుకుకు ఆ చట్టం వర్తించదు. కొన్నిసార్లు పేరు పెట్టె మీదో, కాగితం చీటీ మీదో మాత్రమే ఉండేది. చీటీ పోతే సాక్ష్యమూ పోయింది. ఇక ఇరవయ్యో శతాబ్దం చివర్లో తైవాన్‌లో, చైనాలో తయారైన అలంకార బొమ్మల్లో చాలావాటికి గుడ్డ ట్యాగు మాత్రమే ఉండేది. ఒంటి పక్క కుట్టును జాగ్రత్తగా చూస్తే, కత్తిరించేసిన ట్యాగు తాలూకు ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లటి అంచు కుట్టులో ఇరుక్కుని కనిపిస్తుంది. మన పదహారు అంగుళాల బొమ్మ గౌను ఎత్తి చూస్తే సరిగ్గా ఆ అంచే ఉంటుంది.

మట్టి ఏం చెబుతుంది

పింగాణీ తలలు మూడు రకాలు. గ్లేజు పూసి కాల్చినవి గాజులా మెరుస్తాయి, వీటిని సేకర్తలు "చైనా" తలలంటారు. ఆ పేరుకూ చైనా దేశానికీ సంబంధం లేదు, దాదాపు అన్నీ జర్మన్ తయారీలే. 1840ల నుంచి వచ్చాయి. జుట్టు అచ్చులోనే పోసి నల్లరంగు వేస్తారు. గ్లేజూ లేక, చర్మపు రంగూ లేక పాలలా తెల్లగా ఉండేవి "పారియన్". 1860లు, 70లు వీటి మంచి కాలం. గ్లేజు లేకుండా, చర్మపు ఛాయతో, కోడిగుడ్డు పెంకులా గరుకూ నునుపూ కాని స్పర్శతో ఉండేవి "బిస్క్". ఫ్రాన్స్‌లో జుమో, బ్రూ లాంటి కంపెనీలకు పేరు తెచ్చింది ఈ బిస్కే. జర్మన్ కంపెనీలు దీన్ని 1930ల దాకా చేశాయి.

బిస్క్ పేరుతోనే తిరిగే చవక రకం ఒకటుంది. మామూలు బిస్క్‌లో రంగులు కూడా బట్టీలో కాలి మట్టిలో భాగమైపోతాయి. 1920లు, 30ల్లో ఖర్చు తగ్గించడానికి తల కాల్చిన తర్వాత పైపైన రంగు పూసి వదిలేసినవి వచ్చాయి. తడి గుడ్డతో రుద్దితే బుగ్గ ఎరుపు గుడ్డకొచ్చేస్తుంది. అందుకే రకం తేలకముందు ముఖం కడగకూడదు. మురికి ఉన్నా నష్టం లేదు, రంగు పోతే మళ్లీ రాదు.

ఇప్పుడు మాడు మూత తీసి తల లోపలికి చూడాలి. అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ఇక్కడే దొరుకుతుంది. తొలిరోజుల్లో మట్టిని ముద్దలా చేసి, పలకగా ఒత్తి, అచ్చులో పెట్టి వేళ్లతో అదిమేవారు. అందువల్ల లోపలి గోడ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా, వేళ్లు తిరిగిన చోట అలలు అలలుగా ఉంటుంది. దాదాపు 1890 ప్రాంతం నుంచి పద్ధతి మారింది. జావలా పలచగా కలిపిన మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోస్తారు, ప్లాస్టర్ నీటిని పీల్చుకుని గోడలా పొర కట్టగానే మిగతాది ఒంపేస్తారు. ఇలా చేసిన తల లోపల నున్నగా, ఒకే మందంగా ఉంటుంది. ఆధునిక తలలన్నీ ఈ రకమే. కాబట్టి లోపల నున్నగా ఉంటే అది పాతదీ కావచ్చు, నిన్నటిదీ కావచ్చు, ఇంకో సాక్ష్యం వెతకాలి. అలలు కనిపిస్తే మాత్రం మనసు నిజంగానే ఉప్పొంగుతుంది. నూట ముప్పై ఏళ్ల కిందటి పనివాడి వేలిగుర్తు అది.

లోపల కళ్లు ఎలా నిలబెట్టారో కూడా చూడాలి. పాత తలల్లో గాజు కళ్లను ప్లాస్టర్‌తో బిగించేవారు. అది వందేళ్లకు గోధుమరంగు తిరిగి, దుమ్ము పట్టి, అంచుల్లో పొడి రాలుతుంటుంది. మెరిసే జిగురు బొట్లు కనిపిస్తే కళ్లు ఈ కాలంలో పెట్టినవే. తల పాతదై కళ్లు మాత్రం మార్చి ఉండొచ్చు, కాబట్టి ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మాడు మీది మూత ఫ్రెంచి తలల్లో ఎక్కువగా కార్కు, జర్మన్ తలల్లో అట్ట. జర్మనీలోనే కెస్ట్నర్ కంపెనీ మాత్రం ప్లాస్టర్ మూత వాడేది. ముద్ర లేని తలకు పాత ప్లాస్టర్ మూత ఉందంటే ఆ ఒక్క కారణంతోనే చూసేవాళ్లు కెస్ట్నర్ పేరు తలుచుకుంటారు. మూత అసలే లేకుండా, మాడు బల్లపరుపుగా ఉండి రెండు మూడు చిన్న రంధ్రాలు ఉన్న రకం కూడా ఉంది. దాన్ని మార్కెట్లో "బెల్టన్ తరహా" అంటారు. బెల్టన్ అనే ఫ్రెంచి బొమ్మల తయారీదారు వాటిని చేశాడనడానికి ఆధారం లేదు, అలవాటుగా నిలిచిపోయిన పేరు. ఇవి ఎక్కువగా ముద్ర లేని తొలికాలపు జర్మన్ తలలు.

ముఖం సాక్ష్యం చివర్లో వస్తుంది. భూతద్దం పట్టుకుని కనుబొమ చూస్తే, మంచి పాత పనిలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా లాగిన కుంచె గీత. గీత మొదట్లో కాస్త లావుగా ఉండి చివర సన్నబడుతుంది. చవక రకాల్లో ఒకే గీతతో సరిపెట్టేవారు. నోరు మూసి ఉన్న బిస్క్ ముఖాలు ఎక్కువగా 1890కి ముందువి. ఆ తర్వాత కాస్త తెరిచిన నోరు, లోపల చిన్న పళ్లు ఫ్యాషన్ అయ్యాయి. మూసిన నోటికి వెల ఎక్కువ పలకడానికి కారణం ఇదే. 1909 తర్వాత నిజమైన పిల్లల ముఖాల్లా చేసిన బొమ్మల్లో మళ్లీ మూసిన నోళ్లు వచ్చాయి, అంచేత దీన్నీ ఒంటరిగా నమ్మలేం. పాత బిస్క్‌లో సూదిమొనంత నల్లచుక్కలు అక్కడక్కడా కనిపిస్తాయి. బట్టీలోని బూడిద రేణువులు అంటుకుని కాలినవి. మచ్చా మరకా లేకుండా మిఠాయిలా గులాబీరంగులో మెరిసిపోతుంటే ఆ తల ఈమధ్యది అయ్యే అవకాశమే ఎక్కువ.

నకళ్ల విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. ఇరవయ్యో శతాబ్దంలో పాత తలల నుంచి అచ్చు తీసి కొత్తవి పోసుకోవడం పెద్ద అభిరుచిగా పెరిగింది. మోసం చేయాలని కాదు, చాలామంది తమ పొడి అక్షరాలూ సంవత్సరమూ మెడ మీద చెక్కేవారు కూడా. పింగాణీ మట్టి కాలినప్పుడు కుంచించుకుపోతుంది. కాబట్టి కాలిన తల నుంచి తీసిన అచ్చులో పోసిన తల కాలాక అసలుదానికంటే చిన్నదవుతుంది. చెవి మడతలు, పెదవి మూలలు కాస్త మొద్దుబారతాయి. అచ్చు నంబరు తెలిస్తే అసలు తల చుట్టుకొలత వెతికి పోల్చవచ్చు. నంబరు లేకపోతే చెవి చూడాలి. పాత అచ్చులో చెవి లోపలి గీత కత్తితో కోసినట్టు ఉంటుంది.

ఒళ్లు కూడా మాట్లాడుతుంది

ఒంటిని వేలితో నొక్కితే సగం సంగతి తేలిపోతుంది. రంపపు పొట్టు కూరిన ఒళ్లు గట్టిగా, బరువుగా ఉంటుంది, నొక్కిన చోట తిరిగి లేవదు. పాలియెస్టర్ దూది కూరినది దిండులా లోపలికి వెళ్లి పైకి లేస్తుంది. మేకపిల్ల తోలు ఒళ్లు, గుడ్డ ఒళ్లు, కాగితపు గుజ్జూ రంపపు పొట్టూ జిగురుతో కలిపి చేసిన కీళ్ల ఒళ్లు పాత రకాలు. చేతులు కాళ్లు వంపుగా ఉన్న పసిపిల్ల ఒళ్లు దాదాపు 1909 నుంచి వచ్చింది. మోచేతుల కింద, మోకాళ్ల కింద మాత్రమే పింగాణీ ఉండి, మధ్యలో మెత్తటి తెల్ల గుడ్డ ఒళ్లు, లోపల పాలియెస్టర్, గౌను కింద లోహపు స్టాండు, వీపులో సంగీతం తాళం ఉంటే అది 1970ల తర్వాతి అలంకార బొమ్మ. నైలాన్ 1930ల చివరకు కానీ మార్కెట్లోకి రాలేదు. వెల్క్రో అంతకంటే తర్వాతిది. గౌనుకు వెల్క్రో ఉంటే గౌను కొత్తదని మాత్రమే రుజువు, బొమ్మ వయసు దానితో తేలదు. పాత బొమ్మకు కొత్త బట్టలు కుట్టించడం ఎప్పుడూ ఉన్నదే.

తల, ఒళ్లు ఒకదానికొకటి చెందినవేనా అనేది వేరే పరీక్ష. విరిగిన బొమ్మల నుంచి మంచి తలలు తీసి వేరే ఒళ్లకు తగిలించడం వందేళ్లుగా జరుగుతోంది. మెడ గుంటలో తల వదులుగా ఆడుతోందా, ముఖం రంగుకూ చేతుల రంగుకూ పొంతన ఉందా, అరచేయి గడ్డం నుంచి నుదుటి దాకా పట్టేంత ఉందా, లేక మరీ చిట్టిగా ఉందా చూడాలి. లోపలి ఎలాస్టిక్ మార్చి మళ్లీ బిగించడాన్ని ఎవరూ తప్పుపట్టరు. తల మారితే మాత్రం వెల బాగా పడిపోతుంది.

వెల దగ్గరికి వస్తే

వయసు తేలగానే వెల తేలిందనుకోవడం అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఎక్కువ బాధ మిగిల్చే పొరపాటు. జర్మనీలోని అర్మాండ్ మార్సే కంపెనీ 390 అచ్చు బొమ్మలు వందేళ్ల కిందటివే. కానీ అవి లెక్కలేనంత సంఖ్యలో తయారయ్యాయి, చాలా మిగిలాయి, కాబట్టి వాటి వెల సామాన్యంగానే ఉంటుంది. నల్లజుట్టు, నుదుటి మీదికి దిగిన ఉంగరాల "లో బ్రో" చైనా తలలదీ అదే కథ. అదే చైనా తలకు గోధుమరంగు జుట్టో, గాజు కళ్లో, మగపిల్లాడి క్రాపో ఉంటే లెక్క మారుతుంది. అరుదుతనానిదే మొదటి మాట. 2014లో లండన్‌లో బోన్‌హామ్స్ వేలంలో ఒక జర్మన్ బొమ్మ 2,42,500 పౌండ్లకు పోయింది. కామర్ అండ్ రైన్‌హార్ట్ కంపెనీ 1909 ప్రాంతంలో ప్రయోగంగా చేసిన ముఖం అది. ఆ కంపెనీవే పెద్ద సంఖ్యలో తయారైన మామూలు బొమ్మలు ఆ వెలకు దరిదాపుల్లోకి కూడా రావు.

ఇంకో వైపున 1980లు, 90ల్లో పోస్టు ద్వారా, టీవీ ద్వారా "పరిమిత సంఖ్య" అంటూ సర్టిఫికెట్‌తో అమ్మిన బొమ్మలున్నాయి. కొన్నవాళ్లు రేపటి పెట్టుబడి అనుకుని పెట్టెతో సహా భద్రంగా దాచారు. అందరూ దాచడం వల్లే ఈరోజు అవి కొరతలేకుండా దొరుకుతున్నాయి, కొన్న ధర కూడా తిరిగిరావడం కష్టంగా ఉంది. ముద్ర లేని పదహారు అంగుళాల బొమ్మ ఈ కుటుంబానికి చవక బంధువు. అందంగా ఉంటే ఇంట్లో పెట్టుకోవడానికి హాయిగా పెట్టుకోవచ్చు. దాని మీద టెన్షన్ పడి నిపుణులకు ఫీజు కట్టడం మాత్రం దండగ.

అరుదుతనం తర్వాత స్థితి. చీకటి గదిలో చిన్న లైటును తల లోపల పెట్టి చూస్తే, వెంట్రుకవాసి చీలిక కూడా నల్లటి గీతలా బయటపడుతుంది. ముఖం మీద చీలిక ఉంటే వెల సగానికో అంతకన్నా కిందికో దిగుతుంది. విగ్గు కింద, మాడు అంచున ఉంటే దెబ్బ తక్కువ. బట్టీలోనే పుట్టిన లోపాన్ని, తర్వాత తగిలిన చీలికను వేరు చేసి చూడాలి. బట్టీ గీత అంచులు కాలి గుండ్రబడి ఉంటాయి. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే, తర్వాత పూసిన రంగు చుట్టూ ఉన్న పింగాణీ కంటే వేరుగా మెరిసి అతుకు ఎక్కడుందో చూపిస్తుంది. మళ్లీ వేసిన ముఖం ఎంత చక్కగా ఉన్నా సేకర్త దృష్టిలో అది దెబ్బతిన్న బొమ్మే.

పోల్చేటప్పుడు అమ్మకందారు అడుగుతున్న ధర చూడకూడదు, అమ్ముడైన ధర చూడాలి. అడిగే ధర ఆశ మాత్రమే, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలు అందుబాటులో ఉంచుతాయి, అమెరికాలో థెరియాల్ట్స్ అచ్చంగా బొమ్మల వేలానికే పేరుపడ్డ సంస్థ. ముద్ర లేని బొమ్మకు పోలిక వెతకాలంటే పేరుతో కుదరదు. తల రకం, నోరు, కళ్లు, ఒంటి రకం, ఎత్తు, ఈ ఐదూ కలిసే ఫలితాలు నాలుగైదు చూడాలి. ఇంకొకటి, వెల అనేది ఒక్కటే కాదు. వ్యాపారి కొనే ధర వేరు, సేకర్త చెల్లించే ధర వేరు, బీమా కోసం రాసే విలువ అన్నిటికంటే ఎక్కువ. బీమా కాగితం పట్టుకుని అమ్మబోయేవాళ్లు నిరాశపడేది ఈ తేడా తెలియకే. వేలంలో పాట ఎక్కడ ఆగినా అందులోంచి కమిషన్ పోతుంది.

అమ్మకందారు "ఇది కెస్ట్నర్‌దని చెబుతారు" అని రాస్తే అది ఆపాదింపు, రుజువు కాదు. నిజాయితీగల వ్యాపారి కారణం కూడా చెబుతాడు. ప్లాస్టర్ మూత వల్లనా, కనుబొమ తీరు వల్లనా, ముద్ర ఉన్న మరో తలతో అచ్చు కలవడం వల్లనా అని. కారణం చెప్పకపోతే ఆ పేరుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు.

ఇక మన పద్నాలుగు అంగుళాల బొమ్మ. విగ్గు మూల ఎత్తితే ప్లాస్టర్ మూత, లోపల అలలు తిరిగిన గోడ, గోధుమరంగు తిరిగిన ప్లాస్టర్‌లో గాజు కళ్లు, మూసిన నోరు, విడివిడి గీతల కనుబొమలు. తల లోపల లైటు పెడితే మాడు అంచున అర అంగుళం చీలిక, ముఖం మీద ఏమీ లేదు. దీన్ని అమ్మకానికి పెడితే వివరణ ఇలా ఉండాలి: "ముద్ర లేదు. జర్మన్ బిస్క్ భుజపు తల, అదిమి చేసినది, బహుశా 1880లు. ప్లాస్టర్ మూత ఉంది, కెస్ట్నర్ కావచ్చు, రుజువు లేదు. రంపపు పొట్టు కూరిన తోలు ఒళ్లు, తలకు సరిపోలుతోంది. కుడిచేతి ఒక వేలు లేదు. విగ్గు అసలుదే, సగం పోయింది. మాడు అంచున అర అంగుళం చీలిక, విగ్గు కింద కనిపించదు. బట్టలు తర్వాతివి." దానికింద ఆరు ఫోటోలు: ముఖం, పక్కవాటు, మెడ వెనక, మూత తీసిన తల లోపల, చీలిక మీద లైటు పడుతుండగా ఒకటి, స్కేలు పక్కన పెట్టి నిలువెత్తున ఒకటి.